కొత్త గుమస్తాకు ఎవరు చెప్పాలి?

జగ్గయ్యపేటలో సిమెంటు, ఇనుము అమ్మే కొట్లో బిల్లు రాయడం చూసినంత తేలిక కాదు. ఊరు ఆంధ్రలో, గరికపాడు దాటితే తెలంగాణ. నందిగామ నుంచి వచ్చిన మేస్త్రికి బిల్లు కొడితే పన్నులో సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ. కోదాడ ఆసామికి అదే సరుకు వేస్తే మొత్తం ఐజీఎస్టీ. జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారుకైతే 2023 అక్టోబరు 1 నుంచి బిల్లు మీద రాసిన చిరునామానే ఏ రాష్ట్రపు అమ్మకమో తేలుస్తుంది. చిరునామా రాయకపోతే కొట్టు ఉన్న రాష్ట్రమే లెక్క. అంటే చిరునామా గడిలో తెలంగాణ అని ఒక్క మాట చేరితే చాలు, పన్ను రకమే మారిపోతుంది. పాత గుమస్తాలకు ఇదంతా కంఠోపాఠం. ఇప్పుడు వాళ్ల పక్కన చేరుతున్న, చెప్పిన పని సాఫ్ట్‌వేర్లో తానే చేసిపెట్టే ఏఐ ఏజెంటుకు ఎవరు చెప్పాలి?

చెప్పాల్సింది సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లే. బిల్లు వెతకడానికి ఒకటి, మార్చడానికి ఒకటి చొప్పున ఏజెంటు చేతికి వాళ్లు టూల్స్ ఇస్తారు. ఒక్కో టూల్ ఏం చేస్తుందో, ఏ గడిలో ఏం నింపాలో నాలుగు ముక్కలు రాసిపెడతారు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఏజెంట్లకు టూల్స్ కలిపే పద్ధతి, మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక ఇలా తగిలించడం సులువైంది. ఏజెంటుకు కొట్టు వరస తెలియదు, బేరాలు తెలియవు. టూల్‌ను ఎప్పుడు, ఎలా వాడాలో ఆ రాతను చూసే తేల్చుకుంటుంది. అందులో ‘బిల్లును మారుస్తుంది’ అని రాసి ఊరుకుంటే, మార్చేస్తుంది.

ఎలా మారుస్తుందో చూడండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18కి దిగింది. జయంతిపురంలో రాంకో, ముక్త్యాలలో కేసీపీ ఫ్యాక్టరీలున్న ప్రాంతమిది, ఆ మార్పు ఇక్కడ ప్రతి కొట్టుకూ తగిలింది. ఆ రోజు యజమాని ‘సిమెంటు పన్ను 18 చేసెయ్’ అన్నాడనుకుందాం. గుమస్తా అయితే ‘ఇవాళ్టి బిల్లుల నుంచే కదండీ’ అని అడుగుతాడు. ఏజెంటు బాకీ ఉన్న ఆగస్టు బిల్లులను కూడా తిరగరాసే ప్రమాదం ఉంది. సరుకు వెళ్లి, బిల్లు ఇచ్చేసి, డబ్బు మాత్రమే తర్వాత వస్తే పన్ను పాత రేటే. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు ఆగస్టు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు సెప్టెంబరు 11కే ముగిసింది. ఇక పుస్తకంలో ఒక అంకె, జీఎస్టీ పోర్టల్లో ఇంకో అంకె. నోటీసు వచ్చినప్పుడు ఏజెంటు వెళ్లి నిలబడదు.

కాబట్టి బిల్లు మార్చే టూల్ రాతలో మొదటి వాక్యం, దాన్ని ఎప్పుడు వాడకూడదో చెప్పాలి. ఇచ్చేసిన బిల్లులో విలువ గానీ పన్ను గానీ ఎక్కువ పడితే క్రెడిట్ నోట్, తక్కువ పడితే డెబిట్ నోట్ ఇవ్వమంటుంది సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్. టర్నోవర్ 5 కోట్లు దాటినవారి ఈ-ఇన్వాయిస్‌ను 24 గంటల్లోపు ఈ-ఇన్వాయిస్ పోర్టల్లో రద్దు చేసుకోవచ్చు గానీ, అక్కడ దిద్దడం కుదరదు. ఇవి రాయకుండా గడుల పేర్లు మాత్రం ముచ్చటగా వివరించే పత్రాలు చాలానే కనిపిస్తాయి. రాసినవారు ప్రోగ్రామర్లు, బిల్లు పుస్తకం పట్టినవారు కాదు.

ఇంకో చిక్కు. బిల్లులో సిమెంటు, ఇనుము, బైండింగ్ వైరు ఉన్నాయి. ఇనుము రేటు ఒక్కటే సరిచేయాలి. ఏజెంటు ఆ ఒక్క వరసే పంపితే, పంపనివి అక్కర్లేదనుకుని మిగతా రెండింటినీ చెరిపేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. ముందు బిల్లంతా చదువు, అన్ని వరసలూ తిరిగి పంపు, మొత్తం సరిపోయిందో చూడు అని విడమరచి రాయాలి. ఇది పక్కన రాసే చిన్న గమనిక కాదు, పెద్దక్షరాల్లో ఉండాల్సిన హెచ్చరిక.

ఎవరు మార్చారన్న సంగతి కూడా తేలాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లో ప్రతి దిద్దుబాటూ తేదీతో నమోదు కావాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. అది కంపెనీల చట్టం కింద వచ్చిన నిబంధన. మన బజారులో సొంత పేరు మీదో, భాగస్వామ్యంగానో నడిచే కొట్లకు అది వర్తించదు. అందుకే ఏజెంటుకు విడిగా లాగిన్ ఇవ్వాలి. గుమస్తా పాస్‌వర్డ్‌తో దాన్ని లోపలికి పంపడమంటే, దాని తప్పును అతని జీతానికి చుట్టడమే.

హైదరాబాదులో, విజయవాడలో ఈ టూల్స్ తయారుచేస్తున్న కుర్రాళ్లకు ఒక మాట. ఆ నాలుగు ముక్కలు రాసేముందు బస్సెక్కి ఇటు రండి, ఒక కొట్లో గుమస్తా పక్కన కూర్చోండి. కొట్టు యజమానులూ, సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు ఏజెంటు గురించి చెప్పగానే బిల్లు మార్చే టూల్ రాతను తెలుగులో ఇవ్వమని అడగండి. మీ గుమస్తా చదివి సరేనన్నదాకా దానికి బిల్లులు చూసే అనుమతే ఇవ్వండి, మార్చే అనుమతి వద్దు.