జపానులో రంగుజుట్టుపై సుత్తిదెబ్బ

యువకులు క్రొత్తవేషము ధరించినతోడనే పెద్దల నోట రెండు నిందలు సిద్ధముగ నుండును: ఇది పరదేశానుకరణము, ఇది పౌరుషహీనము. జపానులో ‘విజువల్ కే’ యను గాయకశైలిపైనను ఈ రెండు నిందలే మోపబడినవి. చరిత్ర యెదుట ఇవి రెండును నిలువవు.

నిగిడిన రంగుల జుట్టు, తెల్లని ముఖలేపనము, కాటుక, స్త్రీల యుడుపులను బోలిన దుస్తులు – వీనితో రాక్ సంగీతము పాడుట ఈ శైలి లక్షణము. 1982లో యోషికి, తోషి యను బాల్యమిత్రులు స్థాపించిన ‘ఎక్స్’ బృందము దీనికి మార్గదర్శి. 1989లో వెలువడిన వారి ‘బ్లూ బ్లడ్’ గానసంపుటముపై నచ్చయిన నినాదమునుండియే ఈ శైలికి పేరు వచ్చినదని ప్రతీతి.

ఇది పాశ్చాత్యుల ననుకరించుట యందురా? 1973లో ఆంగ్లగాయకుడు డేవిడ్ బౌవీ ధరించి మెప్పుపొందిన వేషములను కల్పించినది జపానీయుడైన కాన్సాయి యామామోతోయే గదా! ఇచ్చిన అప్పు వడ్డీతో ఇల్లు చేరినచో దానిని పరులసొమ్మనుట యెట్లు?

పౌరుషహీన మందురా? 1603లో క్యోటోలో ఒకుని యను స్త్రీ పురుషవేషముతో నాడిన ఆటయే కబుకికి మూలము. ప్రభుత్వము 1629లో స్త్రీలను, 1652లో బాలనటులను రంగస్థలమునుండి వెడలగొట్టెను. పిదప స్త్రీపాత్రలు ధరించిన పురుషులే ఆ నాటకమునకు వన్నె తెచ్చిరి. తాత చేసినది కళ, మనుమడు చేసినది వికారమా?

అసలు వ్యాధి వేరొకటి కలదు. పైకి పొడుచుకొనివచ్చిన మేకుపై సుత్తిదెబ్బ పడునని జపానులో సామెత. తన జుట్టు పుట్టుకతోనే గోధుమవన్నెది యైనను నల్లరంగు వేసికొమ్మని పాఠశాలవారు నిర్బంధించిరని ఒసాకాలో నొక విద్యార్థిని 2017లో న్యాయస్థానము నాశ్రయించెను. ఆమె పేరును తరగతిపట్టికనుండి తొలగించినందుకు 3,30,000 యెన్లు పరిహార మీయవలసినదని 2021లో తీర్పు వచ్చెను; కాని జుట్టునుగూర్చిన నియమము మాత్రము అక్రమము గాదనిరి! టోక్యో ప్రభుత్వ పాఠశాలలలో నిట్టి నియమము 2022 ఏప్రిలులోగాని తొలగలేదు. ఇట్టి దేశమున జుట్టునకు రంగు వేయుట విలాసము గాదు. నా తల నాదని చాటుటయే.

గులాబిరంగు జుట్టుతో ప్రసిద్ధుడైన ‘ఎక్స్’ వాదకుడు హిడే 1998 మే నెలలో మరణింపగా, టోక్యోలోని త్సుకిజి బౌద్ధాలయమున జరిగిన అంత్యక్రియలకు సుమారు 50,000 మంది తరలివచ్చిరి. మరుసటి యేడు చక్రవర్తి పట్టాభిషేక దశాబ్ద్యుత్సవమునకు సంగీతము కూర్చినది ఆ బృందనాయకుడు యోషికియే. వేషము దేశమును చెఱచునన్నవారు ఆనాడేమైరి? కీర్తివచ్చిన తలకు సింహాసనము చెంత పీట దొరకినది. కీర్తిలేని తలకు పాఠశాలలో నల్లరంగు దొరకినది.

ఈ ద్వంద్వనీతినే మేము గర్హించుచున్నాము. గాయకుని సన్మానించుట సులభము; ఊరు పేరు లేని బాలికను ఆమె జుట్టుతో ఆమెను బ్రతుకనిచ్చుటయే కష్టము. రంగస్థలముపై మెచ్చుకొన్న స్వేచ్ఛ పాఠశాల గడప దాటి లోపలికి రానంతకాలము ఆ మెప్పు ఉత్తమాటయే.