నీసు తింటరా?

కిరాయి ఇల్లు కోసం తిరిగినప్పుడు నన్నెవరూ కులం అడగలేదు. ‘నీసు తింటరా సార్?’ అని అడిగారు. చదువుకున్నోళ్ల కాలం గదా, కులం అడిగితే బాగుండదు. కూర అడిగితే కులం అదే బయటపడుతుంది.

ఉద్యోగం వచ్చిన కొత్తల ఒక ఇంటాయన దాపరికం లేకుండా చెప్పిండు. ‘మేమూ తింటం సార్. ఐతారం యాటకూర లేకపోతే మా పిల్లలకు ముద్ద దిగది. ఆ పెద్దకూర మాత్రం మా ఇంట్ల వండొద్దు.’ ‘మేం ముట్టం’ అన్న. మా వాడల మొట్టమొదటి డిగ్రీ నాదే. ఆ డిగ్రీ చదివిన నోటితోనే అబద్ధమాడిన.

దసరాకు అమ్మ వచ్చింది. సంచిల ఎండు తునకలు. దండెం మీద ఎండబెట్టి నాకోసమే దాచింది. పొయ్యి మీద పెట్టగానే వాసనొస్తదని కిటికీలు మూసిన. ‘ఎవలన్న చూస్తరు, తీస్కపోవే’ అన్న. ‘గివి తినే గద కొడుకా నువ్వు సదివింది’ అన్నది. సంచి ముడేసింది. మళ్లెన్నడూ తేలేదు.

హిందువంటే శాకాహారి అని ఉపన్యాసాలిచ్చే పెద్దలను అడుగుతున్న. ఏ హిందువు? పోచమ్మకు కోడి, ఎల్లమ్మకు యాట కోసేదెవరు? 2014 నాటి ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లే. అయినా కొలబద్ద మాత్రం ఆ మిగిలిన ఒకరిద్దరిదే! ఏ నీసూ ముట్టనోడు పైన, కోడీ యాటా తినేటోడు నడుమ, అందరి కింద మేము. ఇది జీవకారుణ్యమైతే యాటకు ప్రాణం లేదా?

శాస్త్రమే కావాలంటే చూడండి. పాణిని వ్యాకరణంలో ‘గోఘ్న’ అనే మాట ఉంది. ఎవరి కోసం ఆవును చంపుతారో ఆ అతిథి అని అర్థం చెప్పారు. భవభూతి ఉత్తరరామచరితంలో వశిష్ఠుడు వస్తే ఆశ్రమంలో పెయ్యదూడను కోస్తారు. బ్రాహ్మణులు బౌద్ధంతో పోటీపడి గోమాంసం వదిలారని, చచ్చిన గొడ్డును తినక తప్పనివాళ్లు అంటరానివాళ్లయ్యారని అంబేద్కర్ 1948లోనే ‘ది అన్‌టచబుల్స్’లో వాదించిండు. ఇదేదీ నాకు తరగతిల చెప్పినోళ్లు లేరు.

మా తాత కాలంల దొర కొట్టంల గొడ్డు చస్తే కబురు మాకే. ఈడ్చుకపోవుడు మా పని, తోలు తీసుడు మా పని. ఆ తోలుతో కుట్టిన మోట బొక్కెన దొర బాయికి, చెప్పులు దొర కాళ్లకు, డప్పు దొర ఇంట్ల పెండ్లికి. మరి కూలి? ఆ మాంసమే. పాలిచ్చినన్నాళ్లు వాళ్లకు తల్లి, చచ్చినంక మాకు గొడ్డు. మాతో ఆ పని చేయించినోళ్లే, అది తింటరని మమ్మల్ని ఊరవతల పెట్టిండ్రు.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియాల దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే దాడులు జరిగినయి. అప్పుడు నేను బీఈడీ చదువుతున్న. ‘తింటే ఇంట్ల తినొచ్చు గదా, బజార్లెందుకు?’ అన్నడు ఒక దోస్తు. ఎర్రజెండా పట్టినోడే. అప్పుడు జవాబు చెప్పలేకపోయిన. ఇంట్ల తినుడంటే ఏందో ఇప్పుడు తెలుసు. కిటికీలు మూసుకొని తినుడు. తల్లిని సంచితో సహా వాపసు పంపుడు.

మొన్న అమ్మకు ఫోన్ చేసిన. ఈ దసరాకు తునకలు తెమ్మన్న. చాలాసేపు మాట్లాడలేదు.

‘ఇల్లు ఖాళీ చెయ్యమంటె యాడికి పోతవ్ బిడ్డా?’ అన్నది.

‘నువ్వైతే తే’ అన్న.