కొండెక్కే బండి... నమ్మేదెలా?

పాడేరు: వానలు వెనుకపట్టి చలి మొదలయ్యే వేళకు మన్యానికి పర్యాటకుల రాక పెరుగుతుంది. వంజంగి కొండకు, కటికి జలపాతానికి వెళ్లే దారుల్లో జీపులకు చేతినిండా పని దొరికేది అప్పుడే. ఆ ఆదాయంపై ఆశతో పాత జీపును అమ్మి, మిగిలిన సొమ్ముకు అప్పు చేసి, నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందే కొత్త వాహనం కొనాలని ఆలోచించేవారు ఏజెన్సీలో తక్కువేమీ కాదు. కాఫీ, మిరియాలు పండించే రైతులదీ, కొండ గ్రామాల్లో పనులు చేయించే గుత్తేదారులదీ ఇదే ఆలోచన. పది లక్షల రూపాయలు దాటే బేరం ఇది. అయితే షోరూంలో కంటికి కనిపించే నాణ్యత వేరని, ఘాట్‌రోడ్డులో అక్కరకు వచ్చే నమ్మకం వేరని చాలామందికి కొన్న తరువాతే తెలిసివస్తోంది.

నక్షత్రాలు చెప్పని సంగతి

కొనుగోలుదారులు ఇటీవల ఎక్కువగా అడుగుతున్నది భద్రతా నక్షత్రాల గురించే. ఇది మంచి మార్పు. కానీ ఆ నక్షత్రాలు ప్రమాదం జరిగితే లోపలివారికి ఎంత రక్షణ ఉంటుందో చెబుతాయి తప్ప, బండి దారిలో ఆగిపోతుందో లేదో చెప్పవు. ఇందుకు మహీంద్రా థార్ ఉదంతమే సాక్ష్యం. 2020 అక్టోబరులో కొత్త థార్ విడుదల కాగా, నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి నాలుగు నక్షత్రాలు లభించాయి. 2021 ఫిబ్రవరిలో అదే వాహనం డీజిల్ రకంలో 1,577 బండ్లను క్యామ్‌షాఫ్ట్ లోపం కారణంగా సంస్థ వెనక్కి పిలిపించింది. అవన్నీ 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య తయారైనవే. లోపమున్న భాగాలను ఉచితంగా మార్చారు. గుద్దుకున్నప్పుడు గట్టిగా నిలిచిన బండిలోనే ఇంజిను భాగం బలహీనంగా ఉండవచ్చునన్నమాట. కొత్త నమూనా మార్కెట్లోకి రాగానే ఎగబడకుండా ఓ ఏడాది ఆగడంలో నష్టం లేదు. ఆ వ్యవధిలో తొలి లోపాలు బయటపడతాయి, సర్దుబాట్లూ జరుగుతాయి.

స్పానరు కాలం పోయింది

కమాండర్, మార్షల్ తరం జీపు ఘాట్‌లో మొరాయిస్తే దగ్గరి మెకానిక్ స్పానరు, తీగముక్కతోనైనా దానిని సంతదాకా నడిపించేవాడు. నేటి బండ్లలో ఆ వీలు లేదు. సెన్సారు ఒకటి దెబ్బతింటే కంప్యూటరు పెట్టి చూసేవరకు కారణం తెలియదు. కాబట్టి బండి ఎంత గట్టిదన్న దానికంటే అధీకృత సర్వీసు కేంద్రం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, విడిభాగం ఎన్నాళ్లకు వస్తుంది అన్నవే ఇక్కడి యజమానికి పెద్ద ప్రశ్నలు. పాడేరు నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్లు పైమాటే. సీజనులో బండి పది రోజులు అక్కడ పడి ఉంటే ఆ నెల వాయిదా ఎక్కడి నుంచి కట్టాలి? ప్రకటనలు చూడడం కంటే అదే నమూనాను యాభై వేల కిలోమీటర్లు నడిపిన ఇద్దరు ముగ్గురిని కలిసి మాట్లాడడం మేలు.

డీజిల్ బండి కొనేవారు మరో విషయం గమనించాలి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల వల్ల డీజిల్ కార్లకు పొగలోని మసిని పట్టే వడపోత అమరుస్తున్నారు. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి కొంతసేపు ఆపకుండా, మంచి వేగంతో సాగాలి. ఊరి నుంచి తోటకు, తోట నుంచి ఊరికి రెండు మూడు కిలోమీటర్ల చొప్పున తిరిగే బండిలో మసి పేరుకుంటుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. అలాంటివారికి పెట్రోలు ఇంజినే తక్కువ తలనొప్పి.

ఏ పనికి ఏది?

నాలుగు చక్రాల పట్టు అన్ని బండ్లలో ఒకటి కాదు. థార్ ఫోర్‌వీల్ రకంలో, మారుతి జిమ్నీలో డ్రైవరు అదనపు లివరు వేసినప్పుడే ముందు చక్రాలకు శక్తి అందుతుంది. నిట్టనిలువు ఎక్కుడుకు, బురదకు ప్రత్యేకంగా లో గేరు ఉంటుంది. గ్రాండ్ విటారా వంటి వాటిలో వచ్చిన ఆల్‌వీల్ డ్రైవ్‌కు ఆ లో గేరు లేదు. తడిసిన తారుపై అది చాలు, రాళ్ల దారికి చాలదు. మొదటి రకం కొన్నవారు చేసే పొరపాటు ఎండిన తారు రోడ్డుపైనా లివరు వేసి ఉంచడం. మలుపుల్లో ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరగాల్సి రావడంతో ఒత్తిడి పెరిగి జాయింట్లు అరుగుతాయి. ఆ తరువాత నింద బండిపై పడుతుంది! నాలుగు చక్రాలూ లాగినంత మాత్రాన దిగుడులో బ్రేకు ఎక్కువ పడదన్నదీ మరవరాదు. అక్కడ కాపాడేది చిన్న గేరు, మంచి టైర్లే.

థార్, జిమ్నీ రెండూ నలుగురికే. బస్తాలు సంతకు చేర్చాల్సిన రైతుకు అవి పనికిరావు. అతను బొలెరో పికప్ ఫోర్‌వీల్ రకాన్ని చూడడం సబబు. పర్యాటకులను తిప్పాలనుకునేవారు రిజిస్ట్రేషను ఎలా చేయించాలో ముందే రవాణా శాఖలో విచారించుకోవాలి. తెల్ల నంబరు పలకతో కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము చేతికి రావడమూ కష్టమే. వాగులు దాటే బండికైతే ఇంజినులోకి నీరు చేరినా వర్తించే అదనపు బీమా ఉండాలి, మామూలు పాలసీ దానిని భరించదు.

ధరలోనూ మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి మారిన జీఎస్టీ ప్రకారం నాలుగు మీటర్లలోపు పొడవు, 1,500 సీసీ లోపు డీజిల్ ఇంజిను ఉన్న కార్లకు 18 శాతం పన్ను. 1.5 లీటర్ల డీజిల్‌తో వెనుక చక్రాలకే శక్తినిచ్చే థార్ ఈ లెక్కలోకి వచ్చింది. పెద్ద ఇంజిను కలిగిన థార్ ఫోర్‌వీల్‌కు, 1,462 సీసీ పెట్రోలు జిమ్నీకి 40 శాతం. తారు రోడ్డు దిగని యజమాని అంత పన్ను కట్టి లివరును అలంకారంగా ఉంచుకోవడం వృథా ఖర్చే. ఆ సొమ్ములో కొంత మంచి టైర్లకు, వారంటీ పొడిగింపునకు పెడితే ఎక్కువ ఉపయోగం. బురద దారి తప్పనివారు మాత్రం సొమ్ము పూర్తిగా చెల్లించకముందే, మనుషులను నిండుగా ఎక్కించి, ఘాట్‌లోనే బండిని నడిపి చూపమని డీలరును అడగాలి. లో గేరు పడుతోందో లేదో అక్కడే తేలుతుంది.