దీవుల రాత్రి ఎవరి సొత్తు?

భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచి పోతుంది. అండమాన్ దీవులు దానికి ఇంకా పది డిగ్రీలు తూర్పున ఉన్నా, అక్కడి గడియారాలు సైతం కాకినాడ కాలాన్నే చూపుతాయి. ఫలితంగా డిసెంబరు మాసంలో ఆ దీవులలో సాయంకాలం అయిదు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. ఆరు కాకముందే చీకటి ముసురుకుంటుంది. విమానం దిగి, నౌకలో సముద్రం దాటి వచ్చిన పర్యాటకుడికి నిద్రకు ముందు నాలుగయిదు గంటలు ఏమీ తోచని కాలం మిగులుతుంది. ఆ ఖాళీని మధుపాత్రతో నింపాలన్న ఆలోచన వ్యాపారులకు కలగడం సహజమే. అండమాన్‌లో అన్నీ ఉన్నాయి, రాత్రి వినోదం ఒక్కటే లేదన్నది పర్యాటక రంగంవారి నోట తరచు వినవచ్చే ఫిర్యాదు. ఆ కొరత తీర్చడమే అభివృద్ధి అనుకుంటే మాత్రం పొరపాటు. మహానగరంలో మరో బారు తెరవడం వేరు, చిన్న దీవిలో ఒక బారు తెరవడం వేరు. ఎన్ని, ఎక్కడ, ఏ వేళ వరకు అన్నది దీవివాసుల సమ్మతితో ముందుగా తేల్చి, ఆ తరువాతే లైసెన్సుల మాట ఎత్తడం వివేకం.

ఈ సమస్యకు కేంద్రబిందువు 2018 డిసెంబరు దాకా హావ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు అది ఈశాన్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి నివాసులు ఆరు వేల పైచిలుకు మాత్రమే. దేశ విభజన అనంతరం తూర్పు బెంగాల్ నుంచి వచ్చి, ప్రభుత్వం ఇచ్చిన భూమిలో వరి, కొబ్బరి, పోక సాగు చేసుకున్న శరణార్థుల సంతతివారు వీరిలో అధికం. 2004లో అమెరికన్ వారపత్రిక 'టైమ్' రాధానగర్ తీరాన్ని ఆసియాలోకెల్లా ఉత్తమమైనదిగా ఎంచడంతో ఆ దీవి దశ తిరిగింది. 2020లో ఆ తీరానికి 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు సైతం లభించింది. తూర్పు తీరం పొడవునా రిసార్టులు, డైవింగ్ కేంద్రాలు, భోజనశాలలు వెలిశాయి. బార్లు మాత్రం వేళ్లమీద లెక్కించదగినన్నే. చెప్పులు విడిచి ఇసుకలో కూర్చుని, గిటారు పాట వింటూ, చేపల కూరతో భోంచేసి పెందలాడే పడుకోవడం అక్కడి పద్ధతి. ఆ నింపాదితనం కోసమే వచ్చేవారు ఎందరో ఉన్నారు.

అయితే జనప్రవాహం ఆగడం లేదు. 2004 నాటి సునామీ దెబ్బనుంచి తేరుకున్న ఆ కేంద్రపాలిత ప్రాంతానికి 2019 నాటికి ఏటా సుమారు 5 లక్షల మంది పర్యాటకులు రావడం మొదలైంది. 2011లో దీవులన్నింటి జనాభా కలిపి 3,80,581. అంటే ఇంటివారికన్నా అతిథులే ఎక్కువ. 2018లో 30 దీవులలో విదేశీయులకు ప్రత్యేక పర్మిట్ నిబంధనను కేంద్రం సడలించింది. 2023 జూలైలో 710 కోట్ల రూపాయల వ్యయంతో ప్రారంభమైన కొత్త విమానాశ్రయ టెర్మినల్ సామర్థ్యం ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికులు. ఇంతమందిని దింపుకొనే ఏర్పాటు జరిగిందిగాని, వారు తాగి తూలినప్పుడు ఆదుకునే ఏర్పాటు మాటేమిటి? స్వరాజ్ ద్వీప్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే దిక్కు. ప్రాణాపాయం సంభవిస్తే శ్రీవిజయపురంలోని జి.బి.పంత్ ఆస్పత్రికి సముద్రం మీదుగా తరలించాలి. ప్రయాణికుల నౌకలు పగటిపూటనే తిరుగుతాయి. హెలికాప్టరు అందితే సరి, లేకుంటే తెల్లవారే దాకా నిరీక్షించవలసిందే. 2010లో అదే దీవిలో సముద్రంలో దిగిన ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి బారిన పడి మరణించింది. పట్టపగలు, తెలివితో ఉన్నవారికే అపాయకరమైన జలాలు చీకట్లో, మత్తులో ఉన్నవారికి ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కర లేదు.

మద్యం వ్యాపారంలో ప్రభుత్వ పాత్ర మరింత ఆలోచింపజేసే అంశం. 1988లో ఏర్పడిన అండమాన్ నికోబార్ సమగ్రాభివృద్ధి సంస్థ పాలూ అమ్ముతుంది, పెట్రోలూ అమ్ముతుంది, విదేశీ మద్యమూ అమ్ముతుంది. పర్యాటక వసతి గృహాల నిర్వహణ కూడా దాని పనులలో ఒకటి. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి పొందిన గ్రేట్ నికోబార్ మహా ప్రాజెక్టుకు నిర్వాహక సంస్థ కూడా అదే. లైసెన్సులు మంజూరు చేసేదీ, అదుపు చేసేదీ పాలనా యంత్రాంగం. సీసా అమ్మేది ఆ యంత్రాంగపు చేతికింది సంస్థ. అమ్మకాలు పెరిగితే లాభపడేవారే అమ్మకాలకు హద్దులు గీయాలంటే కంచె, చేను ఒకరి చేతిలోనే ఉన్నట్లు. ఈ విషయంలో తెలుగువారికి అనుభవం తక్కువేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సాగించిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా పాకి, 1993లో సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. ఖజానాకు గండి పడిందంటూ 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. 2019 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే స్వయంగా దుకాణాలు నడిపి, 2024లో తిరిగి ప్రైవేటువారికి అప్పగించింది. అమ్మేవారు ఎవరైనా ఖజానా ఒకసారి ఆ రాబడికి అలవాటు పడితే మానుకోవడం కష్టమన్నదే ఈ చరిత్ర నేర్పే పాఠం.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే ప్రజలు ఉద్యమించారు, శాసనసభ శాసించింది, తప్పొప్పులు ఓటరు తేల్చాడు. అండమాన్‌కు శాసనసభ లేదు. కేంద్రం నియమించిన లెఫ్టినెంట్ గవర్నరు పాలన, లోక్‌సభలో ఒకే ఒక సభ్యుడు. 1994 నాటి పంచాయతీ రెగ్యులేషన్ కింద ఎన్నికయ్యే గ్రామ పంచాయతీలే ప్రజల గొంతు వినిపించగల వేదికలు. ఆబ్కారీ విధానాన్ని దూరాన ఉన్నవారు నిర్ణయించి, దగ్గర ఉన్నవారిపై రుద్దితే ఏమవుతుందో చెప్పడానికి మన చరిత్రలోనే ఉదాహరణ ఉంది. గోదావరి మన్యంలో గిరిజనుల కల్లుపై ఆంక్షలు, పన్నులు విధించడం 1879 నాటి రంప తిరుగుబాటుకు ప్రధాన కారణాలలో ఒకటి. ఆ తిరుగుబాటుదారులలో పలువురిని ఆంగ్లేయులు ద్వీపాంతరవాస శిక్షపై పంపింది ఈ అండమాన్‌కే.

నిజానికి ఈ దీవులలో రాత్రి వినోదం కొత్తదేమీ కాదు. 2018లో నేతాజీ సుభాస్ చంద్ర బోస్ ద్వీప్‌గా పేరు మార్చిన రాస్ దీవి ఆంగ్లేయుల పాలనలో అధికార పీఠం. అక్కడ దొరలకు క్లబ్బు ఉండేది, నృత్యశాల ఉండేది, టెన్నిస్ మైదానం ఉండేది. అవతలి గట్టున ఖైదీలు సంకెళ్లతో రాత్రులు గడుపుతుంటే ఇవతల దీపాలు వెలిగేవి. ఆ భవనాల శిథిలాలను మర్రి వేళ్లు చుట్టుకుని ఉండడం నేటి పర్యాటకులకు ఒక వింత దృశ్యం. అదే దీవిలో 1863లో ఆదివాసులను 'నాగరికులను' చేస్తామంటూ 'అండమాన్ హోమ్' నెలకొల్పారు. అక్కడ చేరిన ఆదివాసులకు పొగాకు, మద్యం వంటి వ్యసనాలు అబ్బాయి. బయటివారితో పాటు వచ్చిన అంటువ్యాధులు ఆ జాతిని తుడిచిపెట్టినంత పని చేశాయి. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 జనాభా లెక్కలలో 19 మంది మిగిలారు. ఒకరి వినోదానికీ, ఉద్ధరణకూ మరొకరు చెల్లించిన మూల్యమది.

అది గతించిన గాథ అనుకోవడానికి వీలులేదు. 2008 డిసెంబరులో లిటిల్ అండమాన్ దీవిలోని డుగాంగ్ క్రీక్ వద్ద తీరానికి కొట్టుకువచ్చిన ఒక డబ్బాలోని ద్రవాన్ని మద్యమని భ్రమించి తాగిన ఓంగీ ఆదివాసులలో 8 మంది మరణించారు. ఆ జాతి జనాభా అప్పటికి వంద మాత్రమే. వందలో ఎనిమిది మంది ఒక్క దెబ్బన పోవడమంటే ఎంతటి ఉపద్రవమో ఊహించవచ్చు. జారవాల అడవులలో చొరబడే వేటగాళ్లు మద్యం, పొగాకు ఎరగా చూపుతున్నారన్న ఆరోపణలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. ఆదివాసుల రక్షణకు 1956లో చేసిన రెగ్యులేషన్‌ను 2012లో సవరించి శిక్షలు కఠినతరం చేసినా, సీసాకు కాళ్లు లేకపోయినా అది నడిచి పోగలదని అనుభవం చెబుతోంది. స్వరాజ్ ద్వీప్‌లో ఆదివాసుల ఆవాసాలు లేవు గనుక అక్కడ ఎన్ని బార్లు తెరిచినా ఫరవాలేదనే వాదన ఇందువల్లనే నిలవదు. దీవులన్నీ ఒకే నౌకామార్గంతో ముడిపడి ఉన్నాయి.

ఎదుట మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి గోవా దారి. దశాబ్దాలపాటు తీరాలను పానశాలలకు వదిలేసిన ఆ రాష్ట్రం, ఇసుకలో పగిలిన సీసాల బెడద భరించలేక 2019లో బీచ్‌లలో బహిరంగంగా తాగడాన్ని నిషేధించి జరిమానాలు విధించింది. 2025 డిసెంబరులో అక్కడి అర్పోరాలో ఒక నైట్‌క్లబ్ అగ్నికి ఆహుతై 25 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇరుకు దారి కారణంగా అగ్నిమాపక శకటాలు దగ్గరికి వెళ్లలేకపోయాయి. రెండవది లక్షద్వీప్ దారి. జనావాసం లేని బంగారం దీవిలో పర్యాటకులకు తప్ప మరెక్కడా మద్యం అనుమతించని ఆ దీవులలో, 2021లో నిషేధం సడలించే ప్రతిపాదనపై ప్రజలలో తీవ్ర ఆందోళన రేగింది. అక్కడి మతాచారాలు, సామాజిక స్థితి వేరు. అండమాన్‌లో సంపూర్ణ నిషేధం దొంగసారాకు ద్వారాలు తెరవడమే కాగలదు. మూడవది ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ దీవి దారి. విచ్చలవిడి వ్యాపారంతో సముద్రం మురుగుమడుగుగా మారిందంటూ ఆ దేశ ప్రభుత్వం 2018లో ఆరు నెలలు ఆ దీవిని పూర్తిగా మూసివేసింది. తిరిగి తెరిచినప్పుడు ఏకకాలంలో 19,215 మంది పర్యాటకులకు మించరాదని పరిమితి పెట్టి, తీరంలో మద్యపానాన్నీ విందులనూ నిషేధించింది. పది చదరపు కిలోమీటర్ల దీవి అంత ఖరీదు చెల్లించి నేర్చుకున్న పాఠాన్ని అండమాన్ ఉచితంగా నేర్చుకోవచ్చు.

బార్లు పెరిగితే ఉద్యోగాలు పెరుగుతాయన్న వాదనను కొట్టిపారేయనక్కర లేదు. దీవులలో అటవీ భూమి 80 శాతానికి పైబడి ఉంది. సాగుకు నేల తక్కువ, పరిశ్రమలు లేవు. చదువుకున్న యువకులకు పర్యాటకమే ఆసరా. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి చేపల వేటతో, చిల్లర వ్యాపారంతో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ రంగంపై ఆధారపడక తప్పదు. 2011 జనాభా లెక్కలలో దీవివాసులలో సుమారు 13 శాతం మంది తెలుగును మాతృభాషగా పేర్కొన్నారు. హోటల్ గదికి చేప అమ్మేదీ, బల్లమీద వడ్డించేదీ వారి బిడ్డలే. అయితే ఆదాయం బారు బల్ల వద్దనే పుడుతుందనుకోవడం సరికాదు. చంద్రుడు లేని రాత్రులలో తెడ్డు వేసినచోటల్లా మిణుకుమనే సూక్ష్మజీవుల కాంతిని చూపించేందుకు పర్యాటకులను పడవలలో తీసుకువెళ్లే వ్యాపారం స్వరాజ్ ద్వీప్‌లో ఇప్పటికే ఉంది. దానికి కావలసిన పెట్టుబడి చీకటి. దీవుల తీరాలకు రాత్రివేళ గుడ్లు పెట్టవచ్చే సముద్ర తాబేళ్లకు కావలసిందీ చీకటే. గుడ్డునుంచి వెలువడిన పిల్లలు నీటి మీది వెలుగును ఆనవాలుగా పట్టుకుని కడలి చేరతాయి. ఒడ్డున విద్యుద్దీపాలు వెలిగితే దారి తప్పి ప్రాణాలు పోగొట్టుకుంటాయి. సెల్యులార్ జైలులో ప్రతి సాయంత్రం సాగే ధ్వని, కాంతి ప్రదర్శన ఏళ్లుగా జనాన్ని ఆకర్షిస్తూనే ఉంది. రాత్రి వినోదానికి మద్యం ఒక్కటే మార్గం కాదనడానికి ఇంతకన్నా దృష్టాంతం అవసరం లేదు.

చేయవలసిన పనులు క్లిష్టమైనవేమీ కావు. ప్రతి దీవికీ నీరు, ఆస్పత్రి, పోలీసు బలం, వ్యర్థాల తరలింపు లెక్కగట్టి ఎందరు పర్యాటకులను, ఎన్ని బార్లను భరించగలదో నిర్ణయించి బహిరంగంగా ప్రకటించాలి. గ్రామ పంచాయతీ సమ్మతి లేనిదే కొత్త లైసెన్సు ఇవ్వరాదు. మద్యం భోజనశాల గోడల మధ్యనే ఉండాలి, ఇసుకపైకి రారాదు. రాత్రి పది దాటిన తరువాత ధ్వనివర్ధకాలను అనుమతించని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలను దీవులలో తు.చ. తప్పక అమలు జరపాలి. తీరం వైపు దీపాలకు తెరలు కట్టించాలి. సీసాలను తెచ్చిన నౌకలోనే ఖాళీ సీసాలు తిరిగి వెళ్లే బాధ్యత అమ్మినవారిపై ఉంచాలి. మద్యం రాబడిలో నిర్ణీత భాగాన్ని ఆ దీవి ఆస్పత్రికీ, రాత్రివేళ రోగులను తరలించే పడవకూ కేటాయించాలి. అన్నింటికీ మించి, మద్యం అమ్మే సంస్థను నియంత్రణాధికారం ఉన్నవారి నుంచి పూర్తిగా వేరుచేయాలి.

శ్రీవిజయపురానికి విమానాలు పెరుగుతాయి, జనం పెరుగుతారు. ఒకసారి మంజూరైన లైసెన్సును రద్దు చేయడం ఎంత కష్టమో ఆంధ్ర రాజకీయాలు ఎరిగినవారికి తెలుసు. కనుక హద్దులు గీయవలసిన సమయం బార్లు వేళ్లమీద లెక్కించగల ఈ దశలోనే. హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టిన పాలకులు, తమ ఊరి రాత్రి ఎలా ఉండాలో నిర్ణయించుకునే హక్కును అక్కడి ఆరు వేల మందికి ఇచ్చినప్పుడే ఆ పేరు సార్థకమవుతుంది.