సమానంగా పంచుకుందాం!

మా నాలుగు కుటుంబాల్లో ఎక్సెల్ షీటు కట్టడం నా ఒక్కడికే వచ్చని ఎవరు తేల్చారో గానీ, ఏ యాత్ర తలపెట్టినా లెక్కలు నా నెత్తినే పడతాయి. నలుగురం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. నలుగురం ఎక్సెల్ తెలుసని రెజ్యూమెలో రాసుకున్నవాళ్ళమే. అయినా సరే, స్కాట్లండ్ వెళ్ళినప్పుడు పెట్రోలు లెక్కా నేనే రాశాను, వేల్స్ వెళ్ళినప్పుడు అద్దె ఇంట్లో పగిలిన గాజు గిన్నె ఎవరి పిల్లల ఖాతాలో వెయ్యాలో కూడా నేనే తేల్చాను. ఇప్పుడు వచ్చే వేసవికి క్రొయేషియా ద్వీపాల మధ్య వారం రోజుల లగ్జరీ యాట్ చార్టర్. ఆ షీటు కూడా నాదే. అది కట్టాక నాకు పట్టిన బాధే ఈ రాత.

ఆలోచన మా అధ్యక్షుడిది. ఆయన దేనికీ అధ్యక్షుడు కాదు. ఏటా ఉగాదికి హాలు బుక్ చేసేది ఆయనే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఓ శనివారం బిర్యానీ తిన్నాక ఆయన లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి ఫోటోలు చూపించాడు. తెల్లటి కటమరాన్, నీలం నీళ్ళు, డెక్ మీద పళ్ళెంలో కోసిన పుచ్చకాయ. నేను "పడవ బాగుంది" అన్నాను. "పడవ కాదురా, యాట్" అన్నాడు. ఆరు కేబిన్లు, కెప్టెనూ వంటమనిషీ సహా నలుగురు సిబ్బంది. వారానికి 28,000 యూరోలు. "నాలుగు కుటుంబాలు, సమానంగా పంచుకుంటే తలా ఏడు వేలు, అంతే కదా!" అన్నాడు. అందరం తలలూపాం. నేనూ ఊపాను, అది దాచను.

ఆ "అంతే కదా" ఎంతవరకూ నిజమో షీటులో తేలింది. 28,000 అనేది పడవకీ సిబ్బందికీ మాత్రమే. దాని మీద ఏపీఏ అని ఒకటుంది, అడ్వాన్స్ ప్రొవిజనింగ్ అలవెన్స్. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటుకీ ఇసుకకీ ముందే మేస్త్రీ చేతిలో కొంత డబ్బు పెడతాం చూశారూ, అలాంటిదే. డీజిలూ, తిండీ, తాగుడూ, రేవుల్లో పడవ కట్టుకునే రుసుమూ అన్నీ కెప్టెన్ ఆ డబ్బులోంచే ఖర్చు పెట్టి ఆఖరున లెక్క చెప్తాడు. మిగిలితే తిరిగిస్తాడు, చాలకపోతే మధ్యలో మళ్ళీ అడుగుతాడు. మాకిచ్చిన కోట్‌లో అది 30 శాతం, అంటే 8,400. వ్యాట్ 13 శాతం, 3,640. సిబ్బందికి ఇచ్చే టిప్పు "మీ ఇష్టం" అంటారు గానీ 5 నించి 15 శాతం దాకా ఇవ్వడం ఆనవాయితీ. పది వేసుకున్నా 2,800. మొత్తం 42,840. నాలుగు భాగాలు చేస్తే తలా 10,710. విమానం టికెట్లూ వీసా ఖర్చులూ ఇందులో లేవు. వారం అని చెప్పేది కూడా శనివారం సాయంత్రం ఎక్కి, పై శనివారం పొద్దున్నే దిగడం. నిండా ఉండేవి ఆరు రోజులే.

వీటిలో ఏదీ మోసం కాదు. అన్నీ ఒప్పందంలో రాసే ఉంటాయి, అడిగితే బ్రోకరు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు కూడా. నా తగాదా ఆ అంకెలతో కాదు, "సమానంగా" అన్న మాటతో.

హోటల్‌కి నాలుగు కుటుంబాలు వెళ్దామనుకుని ఒకళ్ళు మానేశారనుకోండి, వాళ్ళ గది డబ్బులు వాళ్ళకి మిగులుతాయి. మిగతా ముగ్గురికీ పైసా తేడా రాదు. యాట్ అలాక్కాదు. ఎంతమంది ఎక్కినా పడవ ధర పడవదే. ఒక్కరు తప్పుకుంటే ఆ 42,840 ముగ్గురి మీద పడుతుంది, తలా 14,280. తిండి ఖర్చు కొంచెం తగ్గుతుంది అంటారా, సరే, తగ్గించుకోండి. అయినా "నా వల్ల కాదు" అన్నవాడు తన స్నేహితులు ముగ్గురి మీద ఒక్కొక్కరికీ మూడు వేల పైచిలుకు యూరోలు రుద్దినవాడవుతాడు. పైగా ఒప్పందం మీద సంతకం పెట్టేది ఒక్కరే. ఆ రోజే సగం డబ్బు కట్టాలి. తర్వాత మనసు మార్చుకుంటే ఆ సగం తిరిగొస్తుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. మిగతా ముగ్గురి బాధ్యతా కాగితం మీద ఎక్కడా ఉండదు, అంతా మొహమాటం మీదే నడుస్తుంది. మా ఊళ్ళో చీటీ కట్టడం మధ్యలో మానేసినవాడి గురించి అరుగుల మీద ఎలా మాట్లాడుకునేవారో నాకింకా గుర్తే. చీటీకి కనీసం పాట ఉంటుంది, అవసరమున్నవాడు ముందు పాడుకుంటాడు. ఇందులో అవసరం అన్న మాటే ఎత్తకూడదు, ఎత్తితే సరదా చెడిపోతుంది.

మా నాలుగోవాడి కాంట్రాక్టు మార్చిలో అయిపోయింది. ఇంకొకటి దొరకలేదు. ఈ సంగతి నలుగురికీ తెలుసు, తెలిసి కూడా ఆ శనివారం ఎవరం నోరెత్తలేదు. వెళ్ళేటప్పుడు కారు దగ్గర నిలబడి అడిగాను, "ఒరేయ్, నీకు ఫరవాలేదా?" అని. "క్రెడిట్ కార్డు మీద పెడతాలే. నేను తప్పుకుంటే మీ ముగ్గురి మీదా పడుతుంది కదరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఇంటికొచ్చి షీటు తెరిచి వాడి పేరు ఎదురుగా ఉన్న గడిలో 10,710 అని కొట్టి, ఆ రాత్రికి లాప్‌టాప్ మూసేశాను.

ఇంతటితో అయిపోలేదు. ఎనిమిది మంది పెద్దలు, నలుగురు పిల్లలు, మొత్తం పన్నెండు మందిమి. ఇలాంటి పడవల్లో అతిథులు పన్నెండు మందికి మించకూడదు. పన్నెండు దాటితే సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం లెక్కలో అది ప్రయాణికుల ఓడ అయిపోతుంది, దానికి నిబంధనలే వేరు. ఏడాది నిండని పసిబిడ్డని లెక్కలోంచి తప్పిస్తారు గానీ, అరవై నిండిన అమ్మని తప్పించరు. నాలుగోవాడి వాళ్ళమ్మగారు జూన్‌లో హైదరాబాద్ నించి వస్తున్నారు. ఆవిడ పదమూడో మనిషి. "వారమే కదా, పక్కింటి వాళ్ళు చూసుకుంటారు" అని తేల్చేశారు. ఆ మాట మొదట అన్నది కొడుకే, మరి పదివేల ఏడొందల పదికి కట్టుబడిపోయాడు కదా.

ఎమ్మెస్ చదివే రోజుల్లో ఎనిమిది మందిమి కలిసి హోటల్‌కి వెళ్ళేవాళ్ళం. నేను రొట్టె, పప్పు, కుళాయి నీళ్ళు. పక్కవాడు రెండు బీర్లు, తందూరీ చికెన్. బిల్లు రాగానే ఎవడో ఒకడు ఉదారంగా "సమానంగా వేసేద్దాం, లెక్కలెందుకు" అనేవాడు. లెక్కలెందుకు అనేవాడు ఎప్పుడూ ఎక్కువ తిన్నవాడే అని గమనించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. పాపం, వాడికి చెడ్డ ఉద్దేశమేమీ ఉండేది కాదు, నా జేబులో ఎంతుందో వాడికి కనపడేది కాదు, అంతే. ఇప్పుడు యాట్ వాళ్ళు పంపిన ఇష్టాయిష్టాల ఫారం నా ముందుంది. ఏం తింటారు, ఏ దిండు కావాలి, ఏ మద్యం ఎన్ని సీసాలు అని అడిగారు. మాలో రెండు కుటుంబాలు మద్యం ముట్టవు. నాలుగోవాడి పెట్టెలో "పెరుగన్నం" అని రాసుంది. వాడి పెరుగన్నం, అధ్యక్షుడి షాంపేను, రెండూ ఒకే ఏపీఏలోంచి, సమానంగా. కేబిన్లూ అంతే. పెద్దది అధ్యక్షుడికి, ఆలోచన ఆయనది కాబట్టి. ముందు భాగంలో అటక లాంటిది ఎవరికి వస్తుందో మీరు ఊహించగలరు.

"డబ్బున్నవాళ్ళు వెళ్తే నీకేం ఏడుపు?" అని అడగొచ్చు. ఏడుపేమీ లేదు. ఒక్కడే కట్టి నలుగుర్ని పిలిస్తే నేను సంతోషంగా వెళ్ళి పుచ్చకాయ తింటాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తెల్లారగట్ల ఎవరూ లేని వంపులో లంగరు వేసి ఉన్న పడవ మీద నిద్ర లేవడం అనేది ఫెర్రీ టికెట్‌కి దొరికే సుఖం కాదు. నా గొడవల్లా, మనలో ఒకడి అప్పుతో ఆ సుఖం కొని, దానికి సమానత్వం అని పేరు పెట్టడం గురించే. దేశం కాని దేశం వచ్చాం, ఉన్నవాళ్ళం ఈ నలుగురమే, నలుగురిలో చిన్నబోకూడదు అన్న భయం మనందరికీ ఉంది. నాకూ ఉంది. ఇల్లు కొంటే ఎన్ని గదులు, కారు కొంటే ఏ కారు అని నడిచే పోటీలో కనీసం ఎవడి అప్పు వాడిదే. యాట్‌లో పక్కవాడి అప్పుని కూడా మన కుర్చీ కింద వేసుకుని కూర్చుంటాం.

ఇంతా చేసి ద్వీపాలు చూస్తామా అంటే, అదీ అనుమానమే. 2019లో నేనూ మా ఆవిడా స్ప్లిట్ రేవు నించి విస్ ద్వీపానికి ఫెర్రీలో వెళ్ళాం. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. టికెట్టు ఆ ఊళ్ళో ఒక పూట భోజనం కంటే చవక. కింద కార్ల మధ్యన ఎవరిదో వాషింగ్ మెషీను, పరుపులు, టమాటా నారు. మా పక్కన కూర్చున్న పెద్దాయనకి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆ ద్వీపం యుగోస్లావియా సైన్యం చేతిలో ఉండి 1989 దాకా విదేశీయుల్ని రానివ్వలేదట. అందుకే పెద్ద హోటళ్ళు లేచే లోపల తప్పించుకుందన్నాడు. ఆయనది కొమీజా, ద్వీపానికి పడమటి వైపున్న జాలరుల ఊరు. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో ఫిలాక్సెరా అనే పురుగు దాల్మేషియా తీరంలో ద్రాక్షతోటల్ని తినేస్తే, ఈ ద్వీపాల జనం గుంపులు గుంపులుగా అమెరికా, చిలీ, ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. కొమీజా వాళ్ళు ఎక్కువగా కాలిఫోర్నియాలో శాన్ పెడ్రో రేవుకి చేరి అక్కడా చేపలే పట్టారు. అమెరికా దుకాణాల్లో స్టార్‌కిస్ట్ ట్యూనా డబ్బాలు చూసే ఉంటారు, 1917లో ఆ కంపెనీకి పునాది వేసిన మార్టిన్ బొగ్డనోవిచ్ పుట్టింది కొమీజాలోనే. మా పెద్దాయనకీ శాన్ పెడ్రోలో పెదనాన్న ఉండేవాడట. అదంతా చెప్పి నన్ను అడిగాడు, "నువ్వు ఏడాదికి ఎన్నిసార్లు మీ ఊరెళ్తావు?" అని. రెండేళ్ళకోసారి అన్నాను. "మా పెదనాన్న కంటే నయం" అన్నాడు. ఆయన ఒకేసారి వచ్చాడట.

మా యాట్ ప్రయాణ పట్టికలో కొమీజా కూడా ఉంది. మంగళవారం, మధ్యాహ్నం భోజనం డెక్ మీద, ఆపైన ఈత, సాయంత్రం "ఊరు చూడటం, గంటన్నర". హ్వార్ ద్వీపంలో స్టారిగ్రాద్ పొలాలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకులు కొలిచి రాతిగోడలు కట్టుకున్న చెక్కల్లోనే ఇప్పటికీ ద్రాక్షా ఆలివూ పండిస్తున్నారు. 2008లో యునెస్కో గుర్తించింది. మా పట్టికలో వాటి ఊసే లేదు, హ్వార్ పట్నంలో రాత్రి సంగీతం ఉంది. ఫోటోలకి బాగుంటుందని.

రెండో షీటు ఒకటి కట్టాను. స్ప్లిట్ నించి విస్, అక్కణ్ణించి స్ప్లిట్ మీదుగా హ్వార్. ఫెర్రీలు, ఊళ్ళో అద్దె గదులు, ఒక రోజు కొమీజా నించి బిషెవో నీలి గుహకి చిన్న మోటారు పడవ. ఎవరి గది వాళ్ళది, ఎవరి భోజనం వాళ్ళది, ఎవరు ఏ రోజు మానుకున్నా రెండోవాడికి తేడా రాదు. దాన్ని నలుగురికీ పంపిస్తూ కింద ఒక వాక్యం రాశాను: యాట్‌లోంచి నేను తప్పుకుంటున్నాను, నా 10,710 మీ మీద పడుతుంది, కోపమొస్తే నా మీదే తెచ్చుకోండి. ఎవడో ఒకడు ముందు తప్పుకోవాలి, ఆ ఒకడు ఉద్యోగం లేనివాడు కాకూడదు అనిపించింది. నిజానికి ఆ మాట మొదటి శనివారమే అనాల్సింది. మూడు వారాలు గడ్డాలు నిమురుకుంటూ కూర్చున్నాను.

అధ్యక్షుడు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు తిట్టాడు. "నీకు లేక కాదు కదరా" అన్నాడు. ఆ మాట నిజమే. మూడోవాడు ఇంకా ఏమీ తేల్చలేదు. నాలుగోవాడు కూడా నాకేమీ రాయలేదు గానీ, నిన్న రాత్రి వాడి భార్య మా ఆవిడకి ఫోన్ చేసిందట. ఫెర్రీలో అత్తయ్యగారికి టికెట్ దొరుకుతుందా, పైకెక్కడానికి మెట్లు ఎన్నుంటాయి అని అడిగిందట. టికెట్ దొరుకుతుంది. మెట్ల సంగతి రేపు కనుక్కుని చెప్తాను.