అడ్మిన్‌ని అడగండి

కథలు రాసే మిత్రుడొకడు ఉన్నాడు. మంచి కథలే రాస్తాడు. పోయిన చలికాలం హైదరాబాద్‌లో కలిసినప్పుడు అడిగాడు: "ఏడేళ్లు ఢిల్లీలో అంత పెద్ద అంతర్జాతీయ ఆరోగ్య సంస్థలో చేశావు కదా, అనుభవాలు రాయొచ్చుగా?" ఏం రాయమంటావన్నాను. "అదే, మహమ్మారులు, వ్యాక్సిన్లు, ఫీల్డు..." నేను ఫీల్డులో లేను, కంట్రీ ఆఫీసులో అడ్మిన్ సపోర్టులో ఉన్నాను, బోర్డింగ్ పాసుల గురించి రాయనా అన్నాను. నవ్వాడు. జోకు వేశాననుకున్నాడు.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మా ఆఫీసులో నిపుణులు కూడా అలాగే నవ్వేవాళ్లు. సంస్థ పేరు చెప్పను. చెప్తే ఇదొక సంస్థ గొడవ అని పక్కన పెట్టేస్తారు.

ముందు బోర్డింగ్ పాసుల సంగతే చెప్తాను. ముప్ఫై మందితో రెండు రోజుల సమావేశం అనుకోండి. మీకు కనిపించేది వేదిక మీద బ్యానరు, ప్రొజెక్టరు మీద స్లైడ్లు, మధ్యాహ్నం భోజనం దగ్గర క్యూ. దాని వెనక హోటల్‌కి మూడు కొటేషన్లు, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టిక, ఎక్కువ రేటు వాడిని ఎంచుకుంటే ఎందుకో ఒక సంజాయిషీ నోటు ఉంటాయి. ఒక్కొక్కరికీ ప్రయాణ అనుమతి, సెక్యూరిటీ క్లియరెన్సు, టికెట్టు, దినభత్యం లెక్క. భోజనం హోస్టు పెడితే ఆ భత్యంలో ఎంత కోత పడాలో ఇంకో లెక్క. ఎవరు మాంసం తినరు, ఎవరు వెల్లుల్లి కూడా తినరు. పేరు పలకల మీద 'డాక్టర్' మరిచిపోతే అలిగే పెద్దమనిషి ఎవరు. అందరూ ఇళ్లకు వెళ్లాక బోర్డింగ్ పాసుల కోసం వాళ్ల వెంట పడటం. అవి లేకపోతే బిల్లు మూయలేం. పాత బిల్లు మూయకపోతే తర్వాతి ప్రయాణానికి అడ్వాన్సు రాదు, అప్పుడు తిట్లు తినేది కూడా మేమే.

ప్రభుత్వ శాఖలకు రాసే ఉత్తరాలు వేరే కళ. నోట్ వెర్బాల్ అంటారు. 'శుభాకాంక్షలు తెలియజేస్తూ, ఈ కింది విషయం తెలియజేసే గౌరవాన్ని పొందుతోంది' అని మొదలెట్టి, 'తన అత్యున్నత గౌరవభావాన్ని మరోమారు ప్రకటించుకునేందుకు ఈ అవకాశాన్ని వినియోగించుకుంటోంది' అని ముగించాలి. మధ్యలో ఉండే విషయం ఒకోసారి ఎయిర్‌పోర్టు పాసు. ఏడేళ్లలో కొన్ని వందల సార్లు ఆ అత్యున్నత గౌరవభావాన్ని టైపు చేశాను. 2025 మార్చిలో నా ఒప్పందం ముగిసినప్పుడు నాకొచ్చిన మెయిలు రెండు లైన్లు. అందులో ఒకటి లాప్‌టాప్ ఎవరికి అప్పగించాలో.

మా నాన్న కరీంనగర్‌లో ట్రెజరీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాడు. నాకీ ఉద్యోగం వచ్చిన రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్జీవో ఉద్యోగమేనా బిడ్డా? గట్లయితే పర్మినెంటే గద." ఆయన నిఘంటువులో ఎన్జీవో అంటే నాన్ గెజిటెడ్ ఆఫీసరే. ఆత్రేయ 'ఎన్.జి.వో.' నాటకంలోని గుమాస్తా, మన ఊళ్లల్లోని ఎన్జీవోస్ కాలనీలు, ఎన్జీవోస్ భవన్, అన్నీ ఆ అర్థంలోవే. జీతం తక్కువ, అప్పులు ఎక్కువ, అయినా అదొక పేరు, ఒక సంఘం. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. నాన్న ఆ 42 రోజులూ ఆఫీసు గడప తొక్కలేదు, తిరిగి అదే కుర్చీలో కూచున్నాడు. నేను ఏడేళ్లలో 42 నిమిషాలు కూడా ఆ పని చెయ్యగల స్థితిలో లేను. నాన్నకి ఇది అర్థమయ్యేలా చెప్పడం నావల్ల కాలేదు. మాది ప్రభుత్వం కాదు, ఆయన అనుకున్న ఎన్జీవో కాదు, మీరనుకునే ఎన్జీవో కూడా కాదు. దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ.

ఇలాంటి సంస్థల్లో జీతాలకు రెండు సూత్రాలున్నాయి. వాటికి మనుషుల పేర్లే ఉన్నాయి. నోబుల్‌మేర్ సూత్రం నానాజాతి సమితి రోజుల నుంచీ ఉన్నది: అంతర్జాతీయ నిపుణులకు ప్రపంచంలో ఏ దేశపు ప్రభుత్వోద్యోగులకు ఎక్కువ జీతముంటే దాన్ని చూసి ఇవ్వాలి. ఇప్పుడు చూసేది అమెరికా ఫెడరల్ జీతాలను. రెండోది ఫ్లెమింగ్ సూత్రం: సాధారణ సేవల వాళ్లకు ఆ ఊళ్లో దొరికే మెరుగైన జీతాలతో పోల్చి ఇవ్వాలి. ఒకే ఫైలు మీద సంతకం పెట్టేవాడి జీతం వాషింగ్టన్‌ని చూస్తుంది, ఆ ఫైలు తయారుచేసిన మనిషి జీతం ఢిల్లీని చూస్తుంది. నిజాయితీగా చెప్పాలంటే ఢిల్లీని చూసే జీతం కూడా చెడ్డదేం కాదు. జీ-5 గ్రేడులో పక్కా పోస్టు ఉన్న నా సహోద్యోగిని మా నాన్న సర్వీసు మొత్తంలో కలలో కూడా చూడని జీతం తీసుకుంటుంది. నేను ఆమె మీద ఏడవను. నా గొడవ ఈ రెండు సూత్రాల్లో దేని కిందికీ రాని మూడో రకం గురించి.

ఆ మూడో రకమే మేము. ఒప్పందం వాళ్లం. 'ఈ వ్యక్తిని సంస్థ సిబ్బందిగా పరిగణించరాదు' అని మొదటి పేజీలోనే ఉంటుంది. పదకొండు నెలలు పని, ఒక నెల విరామం, మళ్లీ పదకొండు నెలలు. విరామం నెలలో జీతం రాదు గానీ ఫోన్లు వస్తాయి: "ఆ ఫోల్డరు ఎక్కడ పెట్టావ్?" మా కిందన ఏజెన్సీ ద్వారా వచ్చే డ్రైవర్లు, క్లీనింగ్ వాళ్లు, సెక్యూరిటీ గార్డులు. వాళ్లు ఒప్పందం వాళ్లు కూడా కారు, ఒక 'సేవ'. కొనుగోలు విభాగంలో ప్రింటర్ కాట్రిడ్జ్‌ల పక్కన ఉంటారు.

ఇక లేబర్ కోర్టు అంటారా. ఐక్యరాజ్యసమితి, దాని అనుబంధ సంస్థలకు మన కోర్టుల నుంచి రక్షణ ఇస్తూ 1947లోనే చట్టం చేశాం. ప్రభుత్వాలు ఒత్తిడి పెట్టకుండా, స్వతంత్రంగా పనిచేయాలని ఆ రక్షణ. ఆ ఉద్దేశాన్ని నేను కాదనను. అది డ్రైవరు ఓవర్‌టైమ్ దగ్గర కూడా అడ్డం వస్తుందని ఆ రోజుల్లో ఎవరైనా ఊహించారో లేదో.

2021 ఏప్రిల్. ఆ నెలలో నా బల్ల మీద రెండు పనులున్నాయి.

మొదటిది, తెలుగు జిల్లాల్లో ఒక సర్వే చేసిన నలభై మందికి డబ్బులు తిరిగొచ్చేశాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఏడాది తర్వాత పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు చెల్లకుండా పోయాయి. మన పల్లెల్లో ఆంధ్రా బ్యాంకు ఖాతా ఎంతమందికి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆఫీసులో తెలుగు వచ్చిన అడ్మిన్‌ని నేనొక్కదాన్నే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, కొత్త కోడ్ కనుక్కుని, పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని, మళ్లీ వెండర్ నమోదు చేయించాను. ఆదిలాబాద్ వైపు నుంచి ఒకామె, ఊళ్లో ఆశా కార్యకర్త కూడా, పాస్‌బుక్ ఫోటో పంపి కింద ఇలా పెట్టింది: "మేడం, మా ఆయనకు జరం. జల్ది ఏయిన్రి." ఐదు వారాలు పట్టింది. ఫైనల్ రిపోర్టులో దీని గురించి నాలుగే మాటలు: 'చెల్లింపుల్లో స్వల్ప సాంకేతిక జాప్యం.' కృతజ్ఞతల పేజీలో పద్నాలుగు పేర్లు. ఆ నలభై మంది లేరు, నేనూ లేను. రిపోర్టు ఫార్మాటింగ్ నేనే చేశాను కాబట్టి ఆ పేజీ నాకు బాగా గుర్తు.

రెండో పని ఒక జాబితా. ఢిల్లీలో ఆసుపత్రుల్లో పడకలు లేవు, ఆక్సిజన్ లేదు. ఎవరైనా జబ్బుపడితే సంస్థ ఏర్పాటు చేసే డాక్టరు, పడక, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఎవరెవరికి వర్తిస్తాయో ఒక ఎక్సెల్ షీటు కావాలన్నారు. చేశాను. పేరు, వయసు, కుటుంబ సభ్యులు, రక్తం గ్రూపు. ఆపైన నేనే ఒక కాలమ్ పెట్టాను: స్టాఫ్, నాన్-స్టాఫ్. ఎవరూ పెట్టమనలేదు. ఏడాదుల అలవాటు. ప్రతి షీటులోనూ ఆ కాలమ్ ఉండేది, దీంట్లోనూ పెట్టాను. మర్నాడు ఆ కాలమ్ మీద ఫిల్టర్ వేసి, నాన్-స్టాఫ్ లైన్లు తీసేసి, పైకి పంపారు. ఏజెన్సీ వాళ్ల పేర్లయితే నేను మొదటే ఎక్కించలేదు.

మా డ్రైవరు భయ్యాకి అప్పుడు నలభై రెండేళ్లు. ఏప్రిల్‌లో వ్యాక్సిన్ నలభై ఐదు దాటిన వాళ్లకే, మిగతావాళ్లకి మే 1 నుంచి. ఏప్రిల్ ఆఖర్లో అతను పడిపోయాడు. వాళ్లావిడ నాకే ఫోన్ చేసింది, 'అడ్మిన్‌ని అడగండి' అని ఎవరో చెప్పారట. నేను మెయిలు పెట్టాను. గంటలోనే జవాబు వచ్చింది, చాలా మర్యాదగా: విచారకరం, అయితే వెండర్ సిబ్బంది ఈ ఏర్పాటులోకి రారు, దయచేసి ఏజెన్సీని సంప్రదించండి. ఏజెన్సీ ఫోన్ మోగుతూనే ఉంది. ఆమె గాజులు అమ్మి సిలిండరు కొంది. నేను కొంత పంపాను, ఇంకో ముగ్గురు పంపారు. అది వ్యక్తిగతం, సంస్థ లెక్కల్లోకి రాదు.

అతను బతికాడు. ఆరు వారాల తర్వాత సన్నగా, దగ్గుతూ డ్యూటీకి వచ్చాడు. డ్యూటీ లేదు. వాహనాల ఒప్పందంలో ఒక షరతు ఉంది: డ్రైవరు రాకపోతే 24 గంటల్లో ఏజెన్సీ మరొకరిని పంపాలి. పంపింది. కొత్తబ్బాయి బాగా చేస్తున్నాడు. ఆ షరతు ఉన్న ఒప్పందం డ్రాఫ్టు టైపు చేసింది కూడా నేనే. అదే నెలలో మా అందరికీ సిబ్బంది సంక్షేమం మీద గంటన్నర ఆన్‌లైన్ ట్రైనింగు తప్పనిసరి. డ్రైవర్ల లాగిన్‌లు లేవు కాబట్టి వాళ్లకు తప్పనిసరి కాలేదు.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. విరాళం ఇచ్చేటప్పుడు మీరు మొదట చూసేదేంటి? 'అడ్మిన్ ఖర్చు ఎంత శాతం' అని. తక్కువుంటే మంచి సంస్థ, ఎక్కువుంటే తినేస్తున్నారు. పెద్ద దాతలూ అంతే. ఐక్యరాజ్యసమితి వ్యవస్థలో ఈ ఖర్చు కింద పట్టే మామూలు రేటు 13 శాతం. యూరోపియన్ యూనియన్ లాంటి దాత 7 దగ్గరే గీత గీస్తుంది. మిగతాది ఎవరు మోయాలి? పక్కా పోస్టు తీసేసి ఒప్పందం పెడితే, ఒప్పందం తీసేసి ఏజెన్సీకిస్తే ఆ శాతం అందంగా కనిపిస్తుంది. మీరు మెచ్చుకునే ఆ చిన్న అంకె కోసమే భయ్యా కాట్రిడ్జ్‌ల పక్కకు చేరాడు. దొంగలు లేరని కాదు, బిజినెస్ క్లాసు మోజు లేదనీ కాదు, ఆ టికెట్లు కొన్నదాన్ని నేనే. కానీ వాటి మీద కోపం కొలిచే కర్రతో నలభై మందికి కోడ్‌లు సరిచేసిన పనిని కూడా కొట్టేస్తున్నారు.

ఇదే పద్ధతి పైనుంచి కింది దాకా ఉంది. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. దాదాపు పది లక్షల మంది ఆడవాళ్లు. ఆరోజు అందరం ట్వీట్లు వేశాం. లెక్కల్లో ఇప్పటికీ వాళ్లు వాలంటీర్లు, వచ్చేది గౌరవ పారితోషికం. లీడర్ అనడానికి ఖర్చు లేదు. ఉద్యోగి అంటే పీఎఫ్ కట్టాలి.

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వైదొలగే ఉత్తర్వు మీద, విదేశీ సాయం ఆపే ఉత్తర్వు మీద ఒకే రోజు సంతకం పెట్టాడు. ఆ తర్వాత మన పత్రికల్లో చాలా వ్యాసాలొచ్చాయి, ఆగిపోయిన కార్యక్రమాల గురించి, నిపుణుల భవిష్యత్తు గురించి. నా జీతం వచ్చే ప్రాజెక్టు డబ్బు కూడా అటునుంచే. పక్కా ఉద్యోగిని తీసేస్తే నోటీసు, పరిహారం, అప్పీలు, జెనీవాలో ట్రిబ్యునల్ దాకా దారి ఉంది. మమ్మల్ని తీసెయ్యక్కర్లేదు, పొడిగించకపోతే చాలు. కాబట్టి ఉద్యోగాలు పోయినవాళ్ల లెక్కలో మేం లేం. మార్చి 31 తర్వాత మా ఫ్లోరులో ఆరు కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆఫీసు అంతర్గత నోట్‌లో 'సిబ్బంది తగ్గింపు: సున్నా'.

నా కథకుడు మిత్రుడు దీన్ని చదివి ఇందులో నాటకీయత ఉన్నది ఒక్క భయ్యా ముక్కేనంటాడు, అదొక్కటీ కథగా రాయమంటాడు. రాయను. అతని ఆక్సిజన్ గురించి రాస్తే మీరు కళ్లు తుడుచుకుంటారు. నాకు మీరు ఆ 24 గంటల షరతు చదవాలి. తెలుగు కథ గుమాస్తాల ఇళ్లల్లో పెరిగింది. వాళ్ల అప్పులు, వాళ్ల ఆడపిల్లల పెళ్లిళ్లు మనకు కంఠతా వచ్చు. వాళ్లు ఆఫీసులో పది నుంచి ఐదు దాకా ఏం రాసేవాళ్లో, ఏ కాలమ్‌లో ఎవరిని పెట్టేవాళ్లో మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ మా నాన్నని అడగలేదు, ట్రెజరీలో ఎవరి బిల్లు ఆగేది, ఎవరిది కదిలేది అని.

పోయిన వారం ఆదిలాబాద్ ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. నా సొంత నంబరు ఆమె దగ్గర అలాగే ఉండిపోయింది. ఇంకో సర్వే చేశారట, రెండో విడత డబ్బులు రాలేదట. నేనక్కడ మానేశానమ్మా అన్నాను. "అయితే ఎవల్ని అడగాలె మేడం?" అంది. నా స్థానంలో ఎవరూ రాలేదు. ఆఫీసు సాధారణ మెయిల్ ఐడీకి రాస్తే 'మీ సందేశం అందింది' అని వెంటనే జవాబొచ్చింది, అదీ యంత్రం నుంచి. ఆమె ఖాతా నంబరు, బ్రాంచి పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఎవరికి పంపాలో కనుక్కుంటున్నాను.