ఒకే తప్పుకు రెండు శిక్షలా?

అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు వారికి,

ఆటగాళ్ల రక్షణకు ఫుట్‌బాల్‌లో 12వ నిబంధనే ఆధారం. ప్రత్యర్థికి కలిగే ప్రమాదాన్ని పట్టించుకోకుండా టాకిల్ చేస్తే పసుపు కార్డు. మితిమీరిన బలం వాడినా, ప్రత్యర్థి భద్రతకు ముప్పు తెచ్చినా ఎర్ర కార్డు. నిబంధన ఉద్దేశంలో లోటు లేదు, కొలమానాలు స్పష్టంగా లేక అమలులోనే లోటు.

1982 ప్రపంచకప్ సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ గాల్లోకి ఎగిరి ఢీకొట్టడంతో ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడాయి. రెఫరీ ఫౌల్ కూడా ఇవ్వలేదు. ఆట గోల్‌కిక్‌తో మళ్లీ మొదలైంది. 2010 ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు డి యాంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు అలోన్సో ఛాతీకి తగిలినా పసుపు కార్డుతో సరిపెట్టారు. తనకు సరిగా కనబడలేదని, అది ఎర్ర కార్డేనని రెఫరీ వెబ్ తర్వాత ఒప్పుకున్నాడు.

2018లో నిబంధనల్లో చేరిన వీడియో రెఫరీ ఈ చిక్కును కొంత తీర్చాడు. అయితే పొరపాటు స్పష్టంగా ఉంటేనే అతని జోక్యం. అందువల్ల సందేహం ఉన్నచోట మైదానంలో ఇచ్చిన తీర్పే నిలుస్తుంది. ఒకే తరహా టాకిల్‌కు ఒక మ్యాచ్‌లో పసుపు, మరో మ్యాచ్‌లో ఎరుపు పడుతుంది.

తగిలిన చోటు, వేగం, బూటు ఎత్తు వంటి కొలమానాలను నిబంధనలోనే చేర్చాలి. అన్ని లీగుల రెఫరీలకూ ఒకే వీడియోలతో శిక్షణ ఇవ్వాలి. ప్రతి సమీక్షకూ కారణాన్ని ప్రకటించాలి.

ఇట్లు,
ఫుట్‌బాల్ ప్రేక్షకులు